నూట పదహారు సైటేషన్లు

గత వారం ఒక వైద్య పరిశోధకుడి సన్మాన సభకు వెళ్ళి వచ్చినప్పటి నుండి నాకు అంకెలంటే భయం పట్టుకుంది. ఆహ్వాన పత్రికలో ఆయన పేరు ఒక పంక్తిలో సరిపెట్టి, పరిశోధన పత్రాలు 312 అనీ, సైటేషన్లు, అంటే ఇతర పత్రాల్లో వాటి ప్రస్తావనలు, తొమ్మిది వేల పైచిలుకనీ, హెచ్-ఇండెక్స్ 42 అనీ నాలుగు పంక్తులు అచ్చు వేయించారు. 26 ఏళ్ళ సర్వీసులో 312 అంటే నెలకొకటి. మధ్యలో మూఢాలు కూడా అడ్డు రాలేదన్నమాట. ఆయన ఏ జబ్బు మీద పని చేశారని పక్కనున్న పెద్దాయనను అడిగితే, "ఏ జబ్బయితేనేమండీ, 42 కదా!" అని నా అజ్ఞానానికి జాలిపడ్డారు.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ హెచ్-ఇండెక్స్ కొలమానం ప్రకారం, ఒక్కొక్కటీ కనీసం 42 సార్లు ఇతర పత్రాల్లో ప్రస్తావనకు వచ్చిన పత్రాలు 42 ఉంటే ఆ మనిషి విలువ 42. ప్రస్తావించినది మెచ్చుకోవడానికా, తిట్టడానికా అన్న విచక్షణ ఆ అంకెకు లేదు. ఈపాటి విజ్ఞానం మన పెళ్ళి పందిళ్ళలో ఎప్పటి నుండో ఉంది. దాన్ని చదివింపుల పుస్తకం అంటారు. ఈ రోజు వారు మనకు రాయించినది చూసుకుని, రేపు వారింటి పెళ్ళిలో అంతే మనం రాయిస్తాం. కాబట్టి ఆ సభలోనూ ఒక బావగారికి మైకు అప్పగించి ఉంటే ఎంతో నిండుగా ఉండేది: "పొరుగు విశ్వవిద్యాలయం ప్రొఫెసరు గారి చదివింపులు, నాలుగు సైటేషన్లు! అచ్చుకు ముందు పేపరు పరిశీలించి, ఒప్పుకోవాలంటే తన పేపర్లు చేర్చాలన్న రివ్యూయరు గారికి మనం సమర్పించుకున్నవి, ఆరు! డిపార్టుమెంటు పీజీ విద్యార్థుల తరఫున, థీసిస్‌కు పదేసి చొప్పున, మనస్ఫూర్తిగా! పెళ్ళికొడుకు గారు తమకు తామే చదివించుకున్నవి, అక్షరాలా నూట పదహారు!"

వంటవాళ్ళను మరిచిపోకూడదు. డబ్బు కడితే పేపరు వండి, రచయితల వరుసలో పీట వేసి కూర్చోబెట్టే దుకాణాలున్నాయి. చౌర్యం పట్టుబడకుండా మాటలు మార్చే సాఫ్ట్‌వేరు చేతిలో రొమ్ము క్యాన్సర్ ఏకంగా "వక్షస్థల విపత్తు" వంటి అవతారం ఎత్తిన సంగతిని 2021లో ఫ్రాన్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబానాక్ బృందం బయటపెట్టింది. ఆ విపత్తును ఎడిటరు చదవలేదు, రివ్యూయరు చదవలేదు, బహుశా రాసినవారూ చదవలేదు.

జర్మనీకి చెందిన మత్తు వైద్యుడు యోఆకిమ్ బోల్ట్ కూడా అంకెల్లో ఘనుడే. హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ అనే ద్రవం రోగులకు క్షేమమని పేపరు మీద పేపరు రాశాడు. కొన్నింటికి ఎథిక్స్ కమిటీ అనుమతి లేదు, కొన్నింటిలో డేటా కల్పితం; ఉపసంహరించినవే 200 దాటాయి. 2013లో ఆ ద్రవం మీద వచ్చిన అధ్యయనాల్లోంచి ఆయనవి తీసేసి మళ్ళీ లెక్క కడితే, ఆ ద్రవం ఎక్కించిన ఐసీయూ రోగుల్లో మరణాలూ, కిడ్నీలు దెబ్బతినడమూ ఎక్కువని తేలింది. ఆ సీసా కింద పడుకున్న మనిషిని ఏ ఇండెక్స్ లెక్కపెట్టింది? ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న అతని భార్యకు ఎవరు సమాధానం చెప్పారు? ఉపసంహరించిన తరువాత కూడా ఆ పేపర్లను సైట్ చేస్తూనే ఉన్నారంటే, చదవకుండా రాసే ఆ చేతులకు పరిశోధకుడన్న పేరెందుకు? సిగ్గు లేదా?

ఆ సన్మాన సభ వేదిక మీద దండ వేసి పెట్టిన పటం జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఫైలేరియాకు డైఇథైల్‌కార్బమజైన్ మాత్ర వెనుక ఉన్నది ఆయన బృందం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతిని తరతరాల ప్రయోగశాలలు వాడుకున్నాయి. హార్వర్డ్ మాత్రం శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన అంకె ఏదీ చేతికి దొరకక, వ్యాఖ్యాత "మన భీమవరం వారు" అని నమస్కారం పెట్టి ముందుకు సాగిపోయారు. ఆ తరువాత శాలువా కప్పించుకున్న సన్మాన గ్రహీత, పది నిమిషాల ప్రసంగంలో తన పాత ప్రసంగాలనే అయిదుసార్లు ఉటంకించారు, నేను లెక్కపెట్టాను.