ప్యానెళ్లకు కొరత లేదు, పని తెలిసిన చేతులకే కొరత

సోలార్ ప్యానెల్ నుంచి వచ్చే వైరు చివర చిటికెన వేలంత కనెక్టర్ ఉంటుంది. దాన్ని బిగించాలంటే ముందు వైరు పైపొరను కొలత ప్రకారం వలవాలి. రాగి పోగులు తెగకుండా లోహపు పిన్నులోకి దూర్చాలి. ఆ పనికోసమే తయారైన క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. చేతికందిన కటింగ్ ప్లయర్‌తో నొక్కేసినా ఆ రోజుకి ఏమీ కాదు. కరెంటు వస్తుంది, ఇన్వర్టర్ లైటు వెలుగుతుంది, బిల్లు చేతికొస్తుంది. లోపల మాత్రం పట్టు వదులుగానే ఉంటుంది. ఎండకు, చలికి, వాన తేమకు ఆ వదులు ఇంకాస్త పెరిగి, ఏడాదికో రెండేళ్లకో అక్కడ వేడి పుట్టడం మొదలవుతుంది. చివరికి మంటలు కూడా రేగవచ్చు.

ఇది స్విచ్ బోర్డులో టప్పుమని వచ్చే నిప్పురవ్వ లాంటిది కాదు. ఇళ్లలో వాడే 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి రవ్వ పుట్టినా ఆరిపోయే అవకాశం ఎక్కువ. ప్యానెళ్లు ఇచ్చే డీసీ కరెంటుకు ఆ విరామం ఉండదు, ఆర్క్, అంటే గాలిలోంచి దూకే కరెంటు మంట, ఒకసారి పట్టుకుంటే తనంతట తాను వదలదు. పైగా ప్యానెల్‌కు ఆపే స్విచ్ లేదు, వెలుతురు ఉన్నంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది. ప్యానెళ్లను వరుసగా కలిపితే ఒక ఇంటి పైకప్పు మీదే కొన్ని వందల వోల్టులు ఉంటాయి, పెద్ద సోలార్ పార్కుల్లో 1,500 వోల్టుల దాకా వెళ్తుంది. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లు ఒకదాంట్లో ఒకటి చక్కగా ఇమిడిపోయినంత మాత్రాన వాటిని కలపకూడదన్న సంగతి కూడా ఎవరో ఒకరు దగ్గరుండి చెబితేనే కొత్త కుర్రాడికి తెలుస్తుంది.

ఈ చిన్న పని గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. స్వచ్ఛ ఇంధనం మీద జరిగే చర్చ అంతా గిగావాట్లలో, పెట్టుబడుల్లో సాగుతోంది. 2023లో దుబాయ్‌లో జరిగిన కాప్28 వాతావరణ సదస్సులో దేశాలు 2030 నాటికి ప్రపంచ పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యాన్ని మూడు రెట్లు, అంటే దాదాపు 11,000 గిగావాట్లకు పెంచాలని అనుకున్నాయి. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరెనా లెక్కల ప్రకారం ఈ రంగంలో ఉద్యోగాలు 2022లో 1.37 కోట్లు ఉంటే 2023లో 1.62 కోట్లకు చేరాయి. ఇంత పని పెరుగుతుంటే ప్రభుత్వాలు శిక్షణ పథకాలు ప్రకటించడం సహజమే. నాకున్న అభ్యంతరం ఆ పథకాలు లెక్కపెట్టే తీరు మీద. ఎంతమందికి సర్టిఫికెట్ ఇచ్చామన్నదే అక్కడ ఫలితం. ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒంటరిగా పైకప్పు ఎక్కి కనెక్టర్ బిగించగలడా అన్నది ఏ నివేదికలోనూ కనిపించదు.

సోలార్ పార్కును ఏడాది, రెండేళ్లలో కట్టేయవచ్చు. పూర్తిస్థాయి ఎలక్ట్రీషియన్ తయారు కావడానికి చాలా దేశాల్లో మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. 2030 లక్ష్యానికి అక్కరకు రావాల్సిన ఎలక్ట్రీషియన్ ఈపాటికే ఎవరో ఒక సీనియర్ పక్కన పని నేర్చుకుంటూ ఉండాలి. ఈ తేడాను పూడ్చడానికే కొన్ని రోజులు, కొన్ని వారాల కోర్సులు పుట్టుకొచ్చాయి. తొందర అర్థం చేసుకోదగినదే. కానీ ఆ తొందర ఏం చేయగలదో ప్రపంచం ఒకసారి చూసింది.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒకే దెబ్బకు రెండు పనులు కావాలనుకుంది. ఇళ్ల పైకప్పు లోపలి భాగంలో ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, వేయిస్తే కరెంటు వాడకం తగ్గుతుంది, పని పోయిన వాళ్లకు ఉపాధి దొరుకుతుంది. 2009లో పథకం మొదలైంది, నెలల వ్యవధిలో పది లక్షలకు పైగా ఇళ్లలో పని జరిగింది. అనుభవం లేని కంపెనీలు రాత్రికి రాత్రి పుట్టాయి. మొదట పనివాళ్లందరికీ శిక్షణ తప్పనిసరి అనుకున్నారు. తర్వాత ఆ నిబంధనను సడలించి, సూపర్‌వైజర్‌కు శిక్షణ ఉంటే చాలన్నారు. నలుగురు యువకులు చనిపోయారు. ముగ్గురు కరెంటు షాక్‌తో, ఒకరు పైకప్పు కింది వేడికి తాళలేక. వాళ్లలో ఒకరి వయసు 16 ఏళ్లు. లోహపు రేకు లాంటి ఇన్సులేషన్‌ను లోహపు స్టేపుల్స్‌తో కొడుతుంటే ఆ స్టేపుల్ కింద దాగి ఉన్న కరెంటు వైరులోకి దిగడం వంటి ప్రమాదాలివి. 2010 ఫిబ్రవరిలో పథకాన్ని ఆపేశారు. 2014లో దీనిపై వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, నివేదిక ఇచ్చింది, శిక్షణ నిబంధన సడలింపును తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ నివేదికను ఇంధన శాఖల్లో పనిచేసే ప్రతి అధికారీ చదవాలని నా అభిప్రాయం. ఆ కుర్రాళ్లు మొండిగా, నిర్లక్ష్యంగా పనిచేసి చనిపోలేదు. పైకప్పు కింద కరెంటు వైరు ఎటు పోతుందో ఊహించడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఆ ఊహ ఎలక్ట్రీషియన్‌కు ఉంటుంది, ఎందుకంటే అతను అలాంటి వైర్లను ఏళ్ల తరబడి తన చేతులతో లాగాడు. పని ప్రమాదకరంగా మారే క్షణం ఏ పాఠ్యపుస్తకంలోనూ ముందుగా రాసి ఉండదు.

అందుకే ‘సోలార్ టెక్నీషియన్’ అనే కొత్త వృత్తిని గాలిలోంచి పుట్టించడం కంటే, పాత వృత్తుల మీద కొత్త నైపుణ్యాన్ని కట్టడమే సరైన దారి అంటాను. జర్మనీలో ఇది కనిపిస్తుంది. అక్కడ వృత్తి శిక్షణకు వచ్చే యువకుడు ముందు ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంటాడు. కొంత సమయం వృత్తి పాఠశాలలో, ఎక్కువ సమయం పని దగ్గర గడుపుతాడు, ఈ కాలంలో జీతం కూడా వస్తుంది. చివరి పరీక్ష పెట్టేది కంపెనీ కాదు, వాణిజ్య మండలి లేదా వృత్తి మండలి. పైకప్పు పనివాళ్ల శిక్షణ నియమాలను 2016లో మార్చినప్పుడు, పైకప్పు, గోడల మీది ఇంధన పరికరాల పనిని అందులోనే ఒక ప్రత్యేక విభాగంగా చేర్చారు. రేపు సోలార్ పనులు తగ్గినా అతను పైకప్పు పనివాడిగా బతకగలడు. మన దేశంలో సోలార్ పని నేర్పడానికి 2015లో మొదలైన సూర్యమిత్ర కోర్సు కూడా ప్రధానంగా ఐటీఐ చదివిన వాళ్లను ఉద్దేశించినదే. పునాది ఉన్నవాడికి కొన్ని నెలల కోర్సు నిజంగానే సరిపోతుంది. పునాది లేనివాడికి అదే కోర్సు ఇచ్చి పంపడం, రోడ్డెక్కకుండానే డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చినట్టే.

దీనికి ఎదురు ప్రశ్న వేయవచ్చు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ చదువు రాని మహిళలకు, అనేక దేశాల నుంచి వచ్చిన అమ్మమ్మలకు ఆరు నెలల్లో సోలార్ పని నేర్పలేదా? నేర్పింది, అదీ ఉమ్మడి భాష లేకుండా, రంగుల గుర్తులతో, సైగలతో. నాకు ఆ ప్రయోగం మీద గౌరవం ఉంది. అయితే అది ఎందుకు పనిచేసిందో చూడాలి. ఆ ఆరు నెలలూ వాళ్ల చేతులు సర్క్యూట్ల మీదే ఉన్నాయి. వాళ్లు నేర్చుకున్నది తక్కువ వోల్టేజీతో నడిచే ఇంటి దీపాల వ్యవస్థ. అన్నిటికంటే ముఖ్యంగా, తిరిగి వెళ్లేసరికి సొంత ఊళ్లో చేయాల్సిన పని సిద్ధంగా ఉంది. చిన్న కోర్సు తప్పని నేననడం లేదు. వోల్టేజీని బట్టి, బాధ్యతను బట్టి కోర్సు పొడవు ఉండాలి, కోర్సు పక్కనే పని ఉండాలి.

పని ఉండాలి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. శిక్షణ గురించి రాసే చాలామంది దీన్ని దాటేస్తారు. స్పెయిన్‌లో 2008లో సోలార్ కరెంటుకు ప్రభుత్వం ఇచ్చిన ఉదారమైన ధర హామీ వల్ల ఒక్క ఏడాదిలోనే 2,500 మెగావాట్లకు పైగా సోలార్ వచ్చింది. ప్రభుత్వం ధర తగ్గించి, పరిమితి పెట్టగానే మరుసటి ఏడాది కొత్త నిర్మాణం దాదాపు ఆగిపోయింది. ఆ ఊపులో పని నేర్చుకున్న వాళ్లు వేరే దారి చూసుకోక ఏం చేస్తారు? మళ్లీ గిరాకీ వచ్చినప్పుడు శిక్షణ మొదటి నుంచి మొదలు. విధానం ఇలా ఊగుతుంటే ఏ తండ్రీ తన కొడుకును, కూతురిని మూడేళ్ల అప్రెంటిస్‌షిప్‌కు ధైర్యంగా పంపడు. ఏ చిన్న కంపెనీ కూడా అప్రెంటిస్‌ను తీసుకోదు, ఎందుకంటే మొదటి ఏడాది అతని వల్ల పని వేగం తగ్గుతుంది, ఆ ఖర్చు తిరిగి రావాలంటే రెండో, మూడో ఏడాది ఆర్డర్లు ఉండాలి.

ఈ ముడిని విప్పడానికి నాకు తెలిసిన మంచి ప్రయత్నం అమెరికాలో 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ అనే చట్టం. ఒక మెగావాట్, అంతకు మించిన ప్రాజెక్టు పెట్టేవాళ్లు స్థానికంగా అమల్లో ఉన్న వేతనాలు చెల్లించి, అప్రెంటిస్‌లను పెట్టుకుంటే 30 శాతం పెట్టుబడి పన్ను రాయితీ ఇస్తామంది. లేదంటే 6 శాతమే. 2024 నుంచి మొదలైన నిర్మాణాల్లో మొత్తం పని గంటల్లో 15 శాతం అప్రెంటిస్‌లవి కావాలన్నారు. ప్రజాధనం ఎక్కడికి వెళ్తే శిక్షణ కూడా అక్కడికే వెళ్లాలన్న ఈ సూత్రం నాకు నచ్చింది. కానీ 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం సౌర, పవన ప్రాజెక్టులకు ఆ రాయితీలను ముందుగానే ముగించే దారి పట్టింది. నిబంధన ఎంత బాగా రాసినా, దాని ఆయుష్షు అప్రెంటిస్‌షిప్ కాలం కంటే తక్కువైతే నష్టపోయేది మధ్యలో చిక్కుకున్న కుర్రాడే.

ఇక పాత ఇంధన రంగంలో ఉన్నవాళ్ల సంగతి. వాళ్లకు ‘రీస్కిల్లింగ్’ అంటూ మొదటి తరగతి నుంచి పాఠాలు చెప్పాలనుకోవడం అవమానకరం కూడా. బొగ్గు విద్యుత్ కేంద్రంలో హైవోల్టేజీ స్విచ్‌యార్డు చూసుకున్న మనిషికి సోలార్ పార్కులోని ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్ కొత్త కావు. సముద్రంలో చమురు వేదికల మీద పనిచేసిన మనిషికి ఎత్తు మీద పని, అలల మధ్య పడవ దిగడం, అగ్నిమాపకం బాగా తెలుసు. అయినా బ్రిటన్‌లో అలాంటి వాళ్లు పవన విద్యుత్ వైపు రావాలంటే దాదాపు అవే భద్రతా కోర్సులను మళ్లీ చేయాల్సి వచ్చింది, చాలాసార్లు సొంత డబ్బుతో. పవన రంగానికి గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ ప్రమాణాలు వేరు, చమురు రంగానికి వేరు. ప్రథమ చికిత్స, బరువులు ఎత్తడం, అగ్ని ప్రమాదాలు, ఎత్తులో పని, సముద్రంలో ప్రాణరక్షణ, వీటిని రెండేళ్లకోసారి మళ్లీ పునశ్చరణ చేయించడం సబబే. ఒకే నైపుణ్యానికి రెండుసార్లు డబ్బు కట్టించడం మాత్రం అన్యాయం. కార్మికులు ఏళ్ల తరబడి అడిగాక ఒక రంగంలోని అర్హతలను మరో రంగంలో గుర్తించడానికి 2025లో ‘ఎనర్జీ స్కిల్స్ పాస్‌పోర్ట్’ అక్కడ మొదలైంది. కొత్త తరగతి గది ఒక్కటీ కట్టకుండా, ఉన్న నైపుణ్యాన్ని గుర్తించడం ద్వారానే వేలమందికి దారి తెరవవచ్చని ఇంత ఆలస్యంగా ఒప్పుకోవడం బాధాకరం.

గుర్తింపు ఒక్కటే అన్నిటికీ మందు కాదు. గని ఒకచోట ఉంటుంది, గాలి బాగా వీచేది మరోచోట. వందల మంది కట్టిన సోలార్ పార్కును తర్వాత నడపడానికి కొన్ని పదుల మంది చాలు. కార్మిక సంఘం అండ ఉన్న గని కార్మికుడి జీతం, కాంట్రాక్టర్ కింద ప్యానెళ్లు బిగించే పనివాడి జీతం ఒకటి కావు. స్పెయిన్ 2018లో బొగ్గు గనులు మూసేముందు కార్మిక సంఘాలతో కూర్చుని 25 కోట్ల యూరోల ఒప్పందం కుదుర్చుకుంది. వయసు పైబడిన వాళ్లకు ముందస్తు పదవీ విరమణ, మిగిలిన వాళ్లకు శిక్షణ, గని భూముల పునరుద్ధరణలో స్థానికులకు పని అందులో ఉన్నాయి. యాభై ఏళ్ల మనిషిని టవర్ ఎక్కమనకుండా గౌరవంగా పంపడం కూడా ఇంధన మార్పులో భాగమేనని ఆ ఒప్పందం ఒప్పుకుంది.

దీర్ఘకాలం పని దొరికే చోట్లు వేరే ఉన్నాయి, వాటి మీద శిక్షణ సంస్థల చూపు తక్కువ. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం దేశాలు తమ వాతావరణ లక్ష్యాలు అందుకోవాలంటే 2040 నాటికి ప్రపంచవ్యాప్తంగా 8 కోట్ల కిలోమీటర్ల విద్యుత్ లైన్లను కొత్తగా వేయాలి లేదా మార్చాలి. లైన్‌మన్, కేబుల్ జాయింటర్, రిలే టెస్టింగ్ టెక్నీషియన్ ఉద్యోగాలివి. ఫొటోల్లో నీలి ప్యానెల్ అంత అందంగా కనిపించవు కాబట్టి కరపత్రాల మీదకు ఎక్కవు. మహిళల విషయంలోనూ ఇదే చిన్నచూపు. ఐరెనా సర్వేల ప్రకారం సోలార్ రంగంలో మహిళలు 40 శాతం ఉన్నా పవన రంగంలో 21 శాతమే, అందులోనూ టెక్నికల్ పనుల్లో కంటే ఆఫీసు పనుల్లో వాళ్ల వాటా ఎక్కువ. సరిపడే కొలతలో హార్నెస్ (ఎత్తు నుంచి పడిపోకుండా కట్టుకునే పట్టీలు), సైట్ దగ్గర టాయిలెట్ ఇవ్వకుండా, ఆడపిల్లలు టెక్నికల్ పనికి రావడం లేదనడం సరికాదు.

ఇన్ని చెప్పాక మిగిలేది నేర్పే వాళ్ల సమస్య. మంచి టెక్నీషియన్‌కు సైట్ మీద వచ్చే జీతం శిక్షణ సంస్థలో రాదు కాబట్టి అక్కడ పాఠం చెప్పేవాడు తరచుగా పైకప్పు ఎక్కని వాడే అవుతాడు. ముప్పై ఏళ్లు చేతులతో పనిచేసిన ఎలక్ట్రీషియన్‌కు డిగ్రీ లేదని బోధనకు అనర్హుడంటారు. అలాంటి వాళ్లను వారానికి రెండు రోజులు సంస్థకు పంపే కంపెనీకి ఆ రోజుల జీతం ప్రభుత్వమే ఇవ్వాలి. వాళ్లకు బోధన మెళకువలు నేర్పడానికి కొన్ని వారాలు కేటాయిస్తే చాలు. మోకాళ్లు నొప్పి పెట్టి నిచ్చెన ఎక్కలేని వయసులో వాళ్లకూ గౌరవమైన ఉద్యోగం మిగులుతుంది. వర్క్‌షాప్‌లో నేల మీదే ఒక నకిలీ పైకప్పు కట్టి, సరైన క్రింపింగ్ టూల్స్ కొని, విద్యార్థి చేసిన ప్రతి జాయింట్‌నూ లాగి చూసే ఓపిక ఉన్న మనిషిని పక్కన నిలబెట్టడానికి అయ్యే ఖర్చు, ఒక సోలార్ పార్కు బడ్జెట్‌లో లెక్కలోకి కూడా రాదు.