తాళం లాగేసే ముందు ఒక్క నిమిషం

మా పిన్ని కొడుక్కి ఆటిజం ఉంది. స్కూటీ మాత్రం మా ఇంట్లో అందరికంటే పద్ధతిగా నడుపుతాడు, హెల్మెట్ లేకుండా వీధి చివరి కొట్టుకి కూడా వెళ్లడు. పోయిన వేసవిలో ఓ రాత్రి విశాఖ మద్దిలపాలెంలో ట్యూషన్ చెప్పి వస్తుంటే దారిలో చెకింగ్‌లో ఆపారు. బండి ఆగీ ఆగకముందే కానిస్టేబుల్ తాళం లాగేసుకున్నాడు. అంతే, వీడు బిగుసుకుపోయాడు. "లైసెన్స్ ఏదీ?" అంటే "లైసెన్స్ ఏదీ" అని ఆ మాటే తిరిగి అన్నాడు. టెన్షన్ పడితే వాడికి అలాగే వస్తుంది, వాళ్లేమో వెటకారం అనుకున్నారు. ఊదమని గొట్టం మూతి దగ్గరకి తెస్తే వెనక్కి జరిగాడు. దాంతో తాగాడనే అనుమానం గట్టిపడింది.

ఇది చిన్న విషయం కాదు. తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉండి, ఊదడానికి ఒప్పుకోకపోతే, మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్ ప్రకారం వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. కళ్లలోకి చూడకపోవడం, వేళ్లు ఆడించడం, జవాబు ఆలస్యం కావడం, ఇవన్నీ ఆటిజంలో మామూలే, కానీ తెలియని కళ్లకి తప్పు చేసినవాడి లక్షణాల్లా కనిపిస్తాయి.

అమెరికాలోని కనెక్టికట్‌లో ఆటిజం ఉన్న డ్రైవర్లకి 2020 నుంచి నీలం కవరు ఇస్తున్నారు. లైసెన్సూ బండి కాగితాలూ అందులో పెట్టుకుంటారు, ఈ డ్రైవరుతో ఎలా మాట్లాడాలో కవరు మీదే పోలీసుకి రాసి ఉంటుంది. మన కాగితాలు చాలావరకు ఫోన్లోకి వెళ్లిపోయాయి కాబట్టి మనకి కవరు కాదు, చేతికిచ్చే కార్డు కావాలి. వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఉందిగా అంటారేమో, అందులో వైకల్యం శాతం ఉంటుంది గానీ కానిస్టేబుల్ ఏం చేయాలో ఉండదు. నేననే కార్డుని లైసెన్సుతో పాటే, అడిగినవాళ్లకి మాత్రమే ఇవ్వాలి, తీసుకోనివాళ్లని ఎందుకు లేదని అడగకూడదు.

కార్డు ఒక్కటే చాలదు, చదివేవాళ్లకీ తెలియాలి. పోలీసు శిక్షణలో వికలాంగుల హక్కుల పాఠం తప్పనిసరి అని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 47వ సెక్షన్‌లో ఉంది. విశాఖలో రాత్రిపూట రోడ్డు మీద నిలబడే కానిస్టేబుల్ దాకా ఆ పాఠం రావాలి: తాళం ముట్టుకోవద్దు, ఒక్కసారికి ఒక్క ప్రశ్నే, జవాబుకి కాస్త టైమివ్వండి, ఇంటికి ఫోన్ చేయనివ్వండి.

ప్రస్తుతానికి మా పిన్నే ఒక అట్టముక్క మీద నాలుగు లైన్లు రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి డిక్కీలో ఉంచింది. దానిమీద స్టాంపు లేదు కదా, పోలీసులు ఒప్పుకుంటారా అని వాడు బయల్దేరిన ప్రతిసారీ అడుగుతున్నాడు.