జింకలను గుర్తుపట్టే ‘ఆరు సూత్రాలు’: ఒక్కటీ నిలబడదు

‘అడవి జింకను ఒక్క చూపులో గుర్తుపట్టే ఆరు సూత్రాలు’ అంటూ ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. నాకే ఇప్పటికి నలుగురు పంపారు. చిన్న చిన్న వాక్యాలు, చదవగానే గుర్తుండిపోతాయి. అందుకే నమ్ముతున్నారు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున పొదల చాటున కూర్చుని జింకలను చూసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. ఐదు సూత్రాలు తప్పుదారి పట్టిస్తాయి, ఆరోది ప్రాణం తీస్తుంది.

మొదటి సూత్రం: ‘కొమ్ములుంటే మగది, లేకపోతే ఆడది.’

ఇక్కడ మన భాష కూడా కొంత చిక్కు పెడుతుంది. జింక, లేడి, ఇర్రి, దుప్పి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. వాటి తలమీద ఉన్నదాన్నంతా కొమ్ము అనే అంటాం. నిజానికి అవి రెండు వేర్వేరు వస్తువులు. చుక్కల దుప్పి, కణితి వంటి అసలైన జింకల కొమ్ము పూర్తిగా ఎముక. కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది, ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. కృష్ణజింక కొమ్ము అలాంటిది కాదు. లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే పదార్థంతో చేసిన తొడుగు. అది చీలదు, రాలదు, బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటుంది. పేరులో జింక ఉన్నా, కృష్ణజింక ఆవులు, మేకలు ఉండే కుటుంబానికి చెందిన జంతువు.

ఇక ఆడా మగా సంగతి. కొమ్ములు రాలిన మగ జింకకు కొన్నాళ్లు బోడి తలే ఉంటుంది. చుక్కల దుప్పుల్లో అన్ని మగవాటికీ ఒకే రుతువులో కొమ్ములు రాలవు. ఒకే మందలో ఒకదానికి గట్టిపడిన కొమ్ములు, ఇంకొకదానికి మఖమలు లాంటి చర్మం కప్పిన లేత కొమ్ములు, మరొకదానికి ఏమీ లేకపోవడం మామూలే. ఆ మూడోదాన్ని ఈ సందేశం ఆడది అనేస్తుంది. దుర్భిణిలో నుదుటి పైభాగం చూడండి, కొమ్ములు మొలిచే రెండు ఎముక మొటిమలు కనిపిస్తాయి. మెడ కూడా ఆడదాని మెడకంటే లావుగా ఉంటుంది. యూరప్‌లోని రో జింకలకైతే వెనకభాగమే చెబుతుంది. చలికాలంలో తెల్లమచ్చ అడుగున తోకలా వేలాడే వెంట్రుకల కుచ్చు ఉంటే అది ఆడది.

ఉత్తర ధ్రువం వైపు ఉండే రెయిన్‌డీర్‌లో ఆడవాటికీ కొమ్ములుంటాయి. పైగా మగవాటి కొమ్ములు చలికాలం మొదట్లోనే రాలిపోతే, చూలుతో ఉన్న ఆడవాటి కొమ్ములు ఈనే దాకా నిలుస్తాయి. నడి చలికాలంలో ఈ సూత్రం అక్కడ పూర్తిగా తిరగబడుతుంది. చైనా, కొరియా నీటి జింకల్లో ఎవరికీ కొమ్ములుండవు. మగదానికి పైదవడ నుంచి రెండు కోరలు కిందికి దిగి ఉంటాయి.

రెండోది: ‘కొమ్ముకు ఎన్ని కొమ్మలుంటే అన్నేళ్లు.’ కాదు. కొమ్ము ఎంత పెరుగుతుందన్నది వయసుతో పాటు తిండి, ఆరోగ్యం, వంశం నిర్ణయిస్తాయి. చుక్కల దుప్పికి ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడు మొనలే. అలాగని ఎదిగిన దుప్పులన్నిటికీ మూడేళ్లేనా? ముసలితనంలో కొమ్ములు మళ్లీ చిన్నవి కావడమూ ఉంది. వయసు తేల్చాలంటే పళ్ల అరుగుదల చూడాలి. దూరం నుంచి చూసేవారు లేత, నడి, ముదురు అని అంచనా వేస్తే చాలు.

మూడోది: ‘చుక్కలుంటే పిల్ల, లేకపోతే పెద్దది.’ చాలా జాతుల పిల్లలకు పుట్టగానే చుక్కలుండి, కొన్ని నెలల్లో పోతాయన్నది నిజమే. కానీ చుక్కల దుప్పికి చివరిదాకా ఉంటాయి. ఫాలో జింకలు, సికా జింకలు పెద్దయ్యాక కూడా వేసవి బొచ్చులో చుక్కలతో కనిపిస్తాయి. చలికాలపు బొచ్చులో అవి మసకబారతాయి. ఒకే జంతువును ఆరు నెలల తేడాతో చూసి రెండు జాతులు అనుకున్నవారు నాకు తెలుసు.

నాలుగోది, ‘మొరిగితే అది మొరిగే జింకే’. మొరిగే జింక అన్నది ఒక చిన్న జింక జాతి పేరు. దీనికి రెండు ముక్కలు చాలు. భయపడితే రో జింక కూడా మొరుగుతుంది. కణితి హెచ్చరిక కూత గంట కొట్టినట్టు ఒక్కసారిగా మోగుతుంది. కూత వినగానే పేరు పెట్టకండి, అది ఎటువైపు చూస్తోందో చూడండి. చిరుతో, అడవి కుక్కలో అటువైపే ఉండవచ్చు.

ఐదోది: ‘జింకలకు రంగులు తెలియవు, ఏ బట్టలైనా వేసుకోవచ్చు.’ రంగులు పసిగట్టే కణాలు మన కంట్లో మూడు రకాలైతే, జింక కంట్లో రెండు రకాలు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా దానికి సరిగా తెలియదు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. నీలి చొక్కాతో వెళ్లి జింకలు కనిపించలేదని బాధపడి లాభం లేదు. అయితే బట్టల రంగుకంటే కదలికే ఎక్కువ పట్టిస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. గాలి మీవైపు నుంచి దానివైపు వీస్తుంటే మీరు చెట్టులా నిలబడినా ముక్కుతో కనిపెట్టేస్తుంది. గాలి ముఖానికి తగిలేలా కూర్చోండి. పొద్దు పొడిచే వేళ, పొద్దుగూకే వేళ, అడవీ గడ్డీ కలిసే అంచున చూడండి. జింక నిండుగా కనబడుతుందని ఎదురుచూడకండి. ముందు కనిపించేది ఆకుల మధ్య కదిలే ఒక చెవి, లేదా నిలువు కాండాల నడుమ అడ్డంగా ఉన్న వీపు గీత.

ఆరోది: ‘ఒంటరిగా పిల్ల కనిపిస్తే తల్లి వదిలేసినట్టే. ఇంటికి తెచ్చి పాలు పట్టండి.’

దయచేసి ఈ పని చేయకండి. మంచి మనసున్నవారే ఈ మాట విని పిల్లను చంపుకుంటున్నారు. చాలా జాతుల్లో తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళ్తుంది. తాను పక్కనే ఉంటే తన వాసన పట్టుకుని వేటాడే జంతువులు వస్తాయి కాబట్టి దూరంగా ఉంటుంది. రోజులో కొద్దిసార్లే వచ్చి పాలిస్తుంది. ఆ మొదటి రోజుల్లో పిల్ల ఒంటి నుంచి వచ్చే వాసన చాలా తక్కువ. అలికిడైతే పారిపోకుండా నేలకు అతుక్కుపోతుంది. ఆ కదలకపోవడాన్నే జనం నీరసం అనుకుంటారు. ఎత్తుకొచ్చి పశువుల పాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి, భయంతోనే చచ్చిపోయేవీ ఉన్నాయి. గాయం కనిపించినా, పక్కనే తల్లి చచ్చి పడి ఉన్నా అటవీ సిబ్బందికి చెప్పాలి. అంతేగాని మనం ముట్టుకోకూడదు.

ఒకసారి నేను ఒకదాన్ని తొక్కబోయాను. ఎండుటాకులో వెలుగుచుక్కలు పడ్డాయనుకుని కాలు ఎత్తాను. ఆ చుక్కల మధ్య ఒక నల్లటి కన్ను తెరిచి ఉంది. చెవులు వీపుకు అంటుకుని ఉన్నాయి, గడ్డం నేలమీద ఆనించి ఉంది. ఊపిరికి పక్కటెముకలు మాత్రం కదులుతున్నాయి. వచ్చిన దారినే వెనక్కి నడిచి, దూరంగా ఒక బండ చాటున కూర్చున్నాను. తల్లి జాడ లేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. నిజంగానే వదిలేసిందేమోనని నాకే అనిపించింది. వెలుతురు తగ్గుతుండగా అవతలి పొదల్లోంచి ఆడ దుప్పి తల బయటపెట్టింది. చాలాసేపు గాలి పీల్చి, నాలుగడుగులు వేసి, ఆగి, సన్నగా ఒక పిలుపు పిలిచింది. ఆకుల్లోంచి పిల్ల ఒక్క ఉదుటున లేచి దాని పొట్ట కిందికి దూరింది.