లక్ష కిలోమీటర్ల మాట సరే, నా క్లచ్ 32 వేలకే పోయింది

సరిగా వాడితే కారులో ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే క్లచ్ ప్లేటు లక్ష కిలోమీటర్ల దాకా వస్తుందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. హైవే మీద తిరిగే బండికైతే నిజమే కావచ్చు. నాది రోజూ ట్రాఫిక్‌లో కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి. 32 వేలకే పోయింది.

మొదట నాకు తెలియలేదు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ గోల పెడుతోంది కానీ బండి ముందుకు లాగడం లేదు. ఒకరోజు ఏదో కాలుతున్న వాసన వస్తే, ముందున్న లారీదేమో అనుకుని అద్దాలు ఎక్కించుకున్నాను! సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే క్లచ్ అరుగుదల వారంటీలోకి రాదన్నారు. బిల్లు 14,800. సామాను తొమ్మిది వేల చిల్లర, మిగతాదంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించిన కూలీ. అందుకే విప్పినప్పుడే ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ మూడూ మార్పించేశాను. బేరింగ్ దగ్గర పీనాసితనం చేస్తే, రేపు అది అరిచినప్పుడు మళ్లీ అదే కూలీ కట్టాలి.

పాత ప్లేటు చూపించమన్నాను. పైనుండే రాపిడి పొర అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే రివెట్లు బయటికి తేలి ఉన్నాయి. మెకానిక్ నా చెప్పుల వైపు చూసి, "సార్, ఎడమ కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉంటదా?" అన్నాడు. ఉంటుంది మరి! సిగ్నల్ దగ్గర గేర్‌లోనే ఉంచి క్లచ్ తొక్కిపట్టడం, ఎత్తులో హాఫ్ క్లచ్‌తో, అంటే పెడల్ సగమే తొక్కి, బండిని నిలబెట్టడం నేర్చుకున్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు సిగ్నల్‌లో న్యూట్రల్, ఎత్తులో హ్యాండ్ బ్రేక్. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ.