బొమ్మగా మారిన ఆరోగ్య సూచన

ఆరోగ్య శాఖ ఉత్తర్వును ముద్రించి, అధికారి సంతకం, ముద్ర పడ్డాక స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టడం చాలాచోట్ల అలవాటు. చూపున్నవారికి అందులో అక్షరాలు కనిపిస్తాయి. చూపులేనివారి ఫోన్‌లో, తెరపై అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం అది ఉత్త ఫొటో. టీకా ఎక్కడ వేస్తారు, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి అన్నవన్నీ ఆ ఫొటోలోనే చిక్కుకుపోతాయి. టైపు చేసిన అసలు ఫైలు ఆ కార్యాలయం కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని కూడా పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, గణనీయమైన వైకల్యంతో జీవిస్తున్నారు. మధుమేహం, ఉబ్బసం, కుంగుబాటు ముప్పు వారికి రెట్టింపు. కొందరు ఇతరులకన్నా 20 ఏళ్ల ముందే కన్నుమూస్తున్నారు. ఆరోగ్య సమాచారం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తలుపు మూసుకుపోతోంది. పరీక్ష ఫలితం చదివిపెట్టమని ఇరుగుపొరుగును బతిమాలుకోవాల్సిన రోగికి గోప్యత ఎక్కడిది?

అడ్డంకులు చూపులేనివారికే పరిమితం కావు. వీడియోలో మాటలకు అక్షరాలు జోడిస్తే బధిరులకు సరిపోతుందనుకుంటారు. సైగల భాషే మాతృభాష అయినవారికి రాత భాష రెండో భాష. సైగల అనువాదకులు తెరపై ఉండాల్సిందే. చేతులు వణికేవారు మౌస్ పట్టలేరు, కీబోర్డుతోనే పని ముగించగలగాలి. టీకా సమయం బుక్ చేసుకునేలోపే గడువు తీరిపోతే వారేం చేయాలి? వ్యాధి తీవ్రతను ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే చూపే పటం వర్ణాంధులకు అర్థం కాదు. మేధోవైకల్యం ఉన్నవారికి చిన్న వాక్యాల్లో రాసిన సూచనలు కావాలి. అవి అందరికీ పనికొస్తాయి.

ఎలా చేయాలో తెలియదనడానికి వీల్లేదు. వైకల్యమున్నవారికీ వెబ్‌సైట్లు అందేలా, వెబ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ తొలి మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. మామూలు పరిమాణపు అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నంత స్పష్టంగా ఇప్పటి నియమాలున్నాయి. లాగిన్ కావడానికి పజిల్ విప్పడమొక్కటే దారి కారాదని 2023 నాటి సవరణ చెబుతోంది. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 9వ అధికరణం ఇంటర్నెట్‌ను, 25వది ఆరోగ్యాన్ని ప్రస్తావిస్తున్నాయి. కొరవడింది పట్టింపే. సైటు అంతా కట్టేశాక, చివర్లో అక్షరాలు పెంచే బటన్ ఒకటి అతికించి చేతులు దులుపుకుంటున్నారు. తనిఖీ సాఫ్ట్‌వేర్‌నూ పూర్తిగా నమ్మలేం. ఫొటోకు వివరణ ఉందో లేదో అది పట్టుకుంటుంది కానీ, ఆ వివరణ సరైనదో కాదో తేల్చలేదు.

అందుకే మేము కోరుతున్నది ఇది. ఆరోగ్య వెబ్‌సైటు ప్రజల ముందుకు రాకముందే వేర్వేరు వైకల్యాలున్నవారితో, తగిన వేతనమిచ్చి, పరీక్ష చేయించాలి. టీకా బుకింగ్, ఫలితం చూడటం, అత్యవసర నంబరు వెతకడం వంటి పనుల్ని వారు ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేయగలగాలి. అప్పటిదాకా గుత్తేదారుకు తుది బిల్లు చెల్లించరాదన్న షరతును టెండరులోనే రాయాలి. మార్పులు చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష జరగాలి.