ఖడ్గమృగం గారికి జెడ్ ప్లస్ భద్రత

ఒక జంతువుకి ఇంత మర్యాదా అని అడిగేవాడే లేకపోయాడు కాబట్టి నేనే అడుగుతున్నాను.

రువాండా అనగానే అందరూ గొరిల్లాల కోసం కొండలెక్కుతారు. తూర్పున, టాంజానియా సరిహద్దులో ఉన్న అకగెరా పార్కును పట్టించుకునేవాళ్లు తక్కువ. అలాంటి చోటికి 2021లో దక్షిణాఫ్రికా నుంచి 30 తెల్ల ఖడ్గమృగాలు బోయింగ్ 747లో దిగాయి. మనకేమో క్యాబిన్ బ్యాగు అరకిలో ఎక్కువైతే కౌంటర్ దగ్గర పంచాయితీ. వాటిలో పెద్దవి రెండేసి టన్నులు తూగుతాయి, ఎవరూ నోరెత్తలేదు. 2025లో మరో 70 వచ్చాయి.

1970లలో ఇక్కడ యాభైకి పైగా నల్ల ఖడ్గమృగాలుండేవి. వేటగాళ్ల పుణ్యమా అని చివరిది 2007లో కనిపించి, మళ్లీ కనిపించలేదు. 2017లో దక్షిణాఫ్రికా నుంచి 18 తెచ్చారు. 2019లో యూరప్ జూలలో పుట్టి పెరిగిన అయిదింటిని తెచ్చారు. తాతల ఊరు చూడ్డానికొచ్చిన ఎన్నారై పిల్లల్లా, ఇక్కడ ఏం తినాలో కూడా అలవాటు చేయాల్సి వచ్చింది. ఇక కాపలా చూడండి: వెంట తిరగడానికి ప్రత్యేక బృందం, వాసన పట్టే కుక్కలు, పైన హెలికాప్టర్. మన ఎమ్మెల్యేలు చూస్తే కుళ్లుకుంటారు.

ఇదంతా దేనికి? ముక్కు మీది కొమ్ము కోసం. అందులో ఉన్నది కెరాటిన్, అంటే మన గోళ్లలో ఉన్నదే. అది అరగదీసి తాగితే జ్వరం తగ్గుతుందని చైనాలో, వియత్నాంలో నమ్మేవాళ్లున్నారు. ఆ లెక్కన గోళ్లు కొరుక్కునేవాడు రోజూ ఉచితంగా వైద్యం చేయించుకుంటున్నట్టే. 1977 నుంచీ కొమ్ముల అంతర్జాతీయ వ్యాపారం నిషేధం. అయినా 2014లో ఒక్క దక్షిణాఫ్రికాలోనే 1,215 ఖడ్గమృగాలను చంపారు. తిరుమల తలనీలాల్లోనూ ఉన్నది కెరాటినే. వాటిని దర్జాగా వేలం వేస్తారు, ఎవరి ప్రాణమూ పోదు.

సఫారీ యాత్రికుడిదీ తక్కువ తపన కాదు. సింహం, చిరుత, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం: ఈ 'బిగ్ ఫైవ్' జాబితా రాసింది తుపాకీ పట్టిన పాత వేటగాళ్లు. ఇప్పుడు దాన్నే కెమెరాతో పూర్తి చేస్తున్నాం. పొదలోంచి బూడిదరంగు పిరుదులు, దులపరించే చెవి ఒకటి కనబడితే చాలు, టిక్కు పెట్టేసి "తర్వాత ఏంటి?" అని గైడును తొందరపెడతాం.

నాదొక ప్రతిపాదన. సెలూన్లలో ఊడ్చే గోళ్లను పొడిచేసి, బంగారురంగు డబ్బాల్లో పెట్టి, కొమ్ము కొనేవాళ్లకి అమ్ముదాం. ధర మాత్రం పైసా తగ్గించకూడదు. చవగ్గా ఇస్తే జ్వరం తగ్గదు.