గొళ్ళెం పెట్టి తాళం వేశామనుకుంటే

ఫోను నుంచి ఫోనుకు తిరుగుతున్న ఒక సందేశం ఈ నెలలో నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్ళంతా "నువ్వు చెక్కపని చేస్తావుగా, ఇది నిజమేనా?" అని అడిగారు. అందులో ఉన్నది ఇదీ:

"ఇంట్లో దొంగ అర చేయించుకుంటే తలుపు వెనక మ్యాగ్నెట్ తాళం ఒక్కటి బిగించండి, చాలు. చెవి పెట్టే రంధ్రమే లేదు కాబట్టి ఎవడూ తెరవలేడు. ఎంత వెతికినా దొరకదు. ఎంత మందం చెక్కకైనా పనిచేస్తుంది. బ్యాటరీ లేదు కాబట్టి జన్మలో పాడవదు. ఇంకా గట్టిది కావాలంటే కార్డు తాళం పెట్టుకోండి. ఇనప్పెట్టె దండగ. అర సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకండి."

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఈ తాళాల మీద నాకు పగేమీ లేదు. నేను రాసుకునే బల్లలోనే ఒకటుంది. అది ఏ పని చేయగలదో, ఏది చేయలేదో తెలిసి పెట్టుకున్నాను, అంతే తేడా.

రంధ్రం లేదు కాబట్టి ఎవడూ తెరవలేడన్న మాట ముందు చూద్దాం. రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పేవాడికి ఇక్కడ పని లేదు, అంతవరకూ నిజమే. కానీ ఆ తాళాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. లోపల స్ప్రింగు మీద ఆడే చిన్న నాలుక. తలుపు మూయగానే ఆ నాలుక చట్రానికున్న కొక్కేన్ని పట్టుకుంటుంది. బయటి నుంచి సరైన చోట మ్యాగ్నెట్ ఆనిస్తే నాలుక పక్కకు జరిగి వదిలేస్తుంది. పళ్ళు లేవు, అంకెలు లేవు. మీ ఇంటి చెవికీ పక్కింటి చెవికీ తేడా లేదు. పసిపిల్లలు అలమరాలు తెరిచి మందులూ, గిన్నెలు తోమే సబ్బునీళ్ళూ తాగకుండా చేసిన వస్తువు ఇది. ఒక రకం తాళాలన్నిటికీ ఒకే మ్యాగ్నెట్ పనిచేస్తుంది, అది విడిగా కూడా అమ్ముతారు. తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అని సామెత. ఈ సందేశం నమ్మినవాడు గొళ్ళెం పెట్టి తాళం మరుస్తాడు.

నిజానికి వచ్చినవాడికి మ్యాగ్నెట్ కూడా అక్కర్లేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తలుపుకు లోపలి వైపు నుంచి బిగించాలంటే 15, 16 మిల్లీమీటర్లకు మించిన స్క్రూ వేయలేం, మించితే మొన బయటికి పొడుచుకొస్తుంది. అంత పొట్టి స్క్రూల మీద నిలబడిన ప్లాస్టిక్ ముక్కకు బలం ఎంతుంటుంది? తలుపు సందులో వెడల్పు స్క్రూడ్రైవర్ దూర్చి మెలితిప్పితే డబ్బా చెక్క పొట్టుతో సహా ఊడి చేతికొస్తుంది. పార్టికల్ బోర్డు అయితే మరీ తేలిక. కొన్ని తాళాలు స్క్రూలు కూడా లేకుండా, అంటించుకునే టేపుతో వస్తాయి. వాటి గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం. తాళం గట్టిదా అని అడిగేముందు అది పట్టుకున్న చెక్క గట్టిదా అని అడగాలి.

గట్టి తాళమంటే ఏమిటో తెలియాలంటే ఒక పాత సంగతి. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని దుకాణం కిటికీలోనే పెట్టి, దీన్ని తెరిచినవాడికి 200 గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు) ఇస్తామని బోర్డు రాసింది. దశాబ్దాలపాటు దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తూ అలాగే ఉంది. చివరికి 1851లో అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే తాళాల పనివాడు తెరిచాడు. దానికి అతనికి 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. నడిరోడ్డు మీద, అందరి కళ్ళముందు ఉన్న తాళం అన్నాళ్ళు నిలిచింది. మన దొంగ అర తాళం, అది ఎక్కడుందో తెలిసిన క్షణంలో అయిపోతుంది. దానికున్న బలమంతా దాపరికంలోనే.

సరే, ఆ దాపరికమైనా గట్టిదా? "ఎంత వెతికినా దొరకదు" అంటున్నారు. వెతికేవాడు తాళాన్ని వెతకడు, కొలతను వెతుకుతాడు. అలమరా లోతు బయట 60 సెంటీమీటర్లు, లోపల 45 ఉంటే మిగతా 15 ఎక్కడికి పోయిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. వేలి గణుపుతో కొడితే బోలు చప్పుడు వేరు. నొక్కితే తెరుచుకునే పుష్ లాచ్ పెడితే, లోపలికి కదలడానికి రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాల్సిందే. నున్నటి పలకల వరసలో ఆ ఒక్క సందే వెక్కిరిస్తుంది.

నన్ను పట్టించింది మాత్రం ఇవేవీ కాదు. నా బల్ల పక్కపలక మీద మ్యాగ్నెట్ ఆనించే చోట, ఆరు నెలలకే రూపాయి బిళ్ళంత మేర పాలిష్ మెరుపు పోయింది. ఎదురుగా నిలబడి చూస్తే కనపడదు. సాయంత్రం ఏటవాలు వెలుతురు పడ్డప్పుడు చూస్తే అక్కడ బొట్టు పెట్టినట్టే ఉంది. ఇప్పుడు మ్యాగ్నెట్‌కు అడుగున గుడ్డ ముక్క అంటించి వాడుతున్నాను, జరపకుండా తిన్నగా ఆనించి తిన్నగా తీస్తాను. ఇంకో మాట. స్మార్ట్‌ఫోన్లన్నిటిలో దాదాపుగా దిక్సూచి కోసం అయస్కాంత సెన్సర్ ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఎక్కడైనా సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) మధ్యే. తాళం లోపల కూడా మ్యాగ్నెట్ ముక్క ఉన్న రకమైతే, ఫోను దాని దగ్గరకు వెళ్ళగానే ఆ సెన్సర్ చూపే అంకె ఎగిరి గంతేస్తుంది. నమ్మకపోతే మీ ఫోనుతో మీరే చూసుకోండి.

మందం గురించిన మాట పూర్తిగా తప్పు. మ్యాగ్నెట్ పట్టు దూరంతో తగ్గే తీరు మనం ఊహించినట్టు ఉండదు. దూరం రెండింతలైతే పట్టు సగానికి ఆగదు, ఇంకా చాలా కిందికి పడిపోతుంది. ఫ్రిజ్ తలుపు మీద మ్యాగ్నెట్ కింద ఒక కాగితం పెట్టండి, నిలుస్తుంది. పది పెట్టండి, అన్నీ కలిసి జారిపోతాయి. పది కాగితాలంటే మిల్లీమీటరు మందమే. కాబట్టి తాళం పెట్టె మీద రాసిన మందం చూసి, మీ తలుపు చెక్కకు లామినేట్ మందమూ, రంగూ కలిపి లెక్క వేసుకోవాలి. తలుపు మందమైతే వెనకవైపు ఉలితో గుంట తీసి తాళాన్ని లోపలికి దించడం ఒక్కటే మార్గం. తలుపుకు ఇనుప రేకు ఉంటే ఈ ఆలోచనే మానుకోండి, రేకు మ్యాగ్నెట్ శక్తిని తనలోకే లాగేసుకుంటుంది.

జన్మలో పాడవదట. తాళం పాడవకపోవచ్చు, తలుపు పాడవుతుంది. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. పొడవునా మార్పు లెక్కలోకి రాదు గానీ, అడ్డంగా తేడా బాగా తెలుస్తుంది. ప్లైవుడ్ కాకుండా అచ్చంగా చెక్కతోనే చేసిన తలుపైతే నాలుకా కొక్కెమూ రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయి, నాలుక మీద బరువు పడుతుంది. బరువు పడిన నాలుకను మ్యాగ్నెట్ కదపలేదు. అప్పుడు తలుపును లోపలికి కాస్త నొక్కి పట్టి మ్యాగ్నెట్ ఆనిస్తే చాలాసార్లు వదులుతుంది. ఇది తెలియక గట్టిగా లాగి విరగ్గొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చెవిగా వాడే నియోడిమియం మ్యాగ్నెట్ కూడా అమరమేం కాదు. కింద పడితే పెచ్చులూడుతుంది, పైపూత లేచినచోట తుప్పు పడుతుంది, మామూలు రకమైతే 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి శక్తి కోల్పోతుంది. అన్నట్టు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులో వేసుకోకూడదు. ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.

ఇక కార్డు తాళం, అంటే కార్డు ఆనిస్తే తెరుచుకునే బ్యాటరీ తాళం. ఈ సందేశంలో నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. చౌక రకాల్లో ఎక్కువగా వాడే 125 కిలోహెర్ట్జ్ రేడియో కార్డు చేసే పనల్లా, అడిగిన ప్రతి యంత్రానికీ తన నంబరు గట్టిగా అరిచి చెప్పడం. నకలు తీసే పరికరం అరచేతిలో పడుతుంది. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులు మేలే గానీ, వాటిలో బాగా పాతుకుపోయిన మైఫేర్ క్లాసిక్ రహస్య సంకేతాన్ని 2008లోనే పరిశోధకులు ఛేదించారు. అయినా ఇంటి అర మీదికి కార్డు నకలు పట్టుకొచ్చే దొంగ ఎవడూ ఉండడు. స్క్రూడ్రైవర్ ఉండగా అంత అవస్థ దేనికి? అసలు చిక్కు బ్యాటరీ.

నేను మొదట పెట్టుకున్నది కార్డు తాళమే. బ్యాటరీ అయిపోతుంటే ముందే కూత పెడుతుందన్నారు. పెట్టే ఉంటుంది. అప్పట్లో నేను ఆ అర తెరిచేది ఏడాదికి రెండుసార్లు, దాని కూత వినడానికి అక్కడెవరున్నారు? ఒక రాత్రి, తెల్లవారితే ప్రయాణం, పాస్‌పోర్టు అందులో ఉంది. కార్డు ఆనించాను, చప్పుడు లేదు. ఇంకో కార్డు, అదీ అంతే. కరెంటు లేకపోతే మూసుకుని ఉండిపోయే రకం అది, బయటికి వైరు కూడా లేదు. అర్ధరాత్రి బల్లను గోడ నుంచి జరిపి, నా చేత్తో నేను బిగించిన వెనక పలకను నేనే రంపంతో కోశాను. లోపల చూస్తే బ్యాటరీలు కారి, తెల్లటి పొడి పేరుకుని ఉంది. అలాంటి తాళం పెట్టాలనుకుంటే, బయటి నుంచి తాత్కాలికంగా కరెంటు అందించే సాకెట్టు ఉన్నదే తీసుకోండి. దాని వైరును బల్ల అడుగున కనపడనిచోటికి తెచ్చి వదలండి. లేదంటే అడుగు పలకను నాలుగు స్క్రూలు విప్పితే వచ్చేలా చేయించండి. రెండో దారి లేకుండా తలుపు మొదటిసారి మూయవద్దు. ఆ మొదటిసారి కూడా, తలుపు తెరిచే ఉంచి నాలుకను వేలితో బయటికి లాగి, మ్యాగ్నెట్‌తోనో కార్డుతోనో పదిసార్లు ఆడించి చూశాకే. మూసేముందు మ్యాగ్నెట్ చేతిలో ఉందో లేదో కూడా చూసుకోండి. అర లోపలే పెట్టి మూసినవాణ్ణి నేనెరుగుదును, వాడి పేరు చెప్పను, ఈ వ్యాసం రాస్తున్నాడు.

ఇనప్పెట్టె దండగ అన్నదానికి జవాబు చిన్నది. దొంగ అర చెక్క. నిప్పంటుకుంటే లోపల కాగితాలకు అది పొయ్యి. కాగితాల కోసం చేసిన అగ్నినిరోధక పెట్టెలను పరీక్షించేటప్పుడు, బయట మంట మండుతుండగా లోపలి వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని ప్రమాణం. ప్లైవుడ్‌ను అలా ఎవరూ పరీక్షించరు. విలువైనవి దాచాలంటే రెండు పనులు రెండు వస్తువులకు అప్పగించాలి. కనపడకుండా ఉండే పని తలుపుకు, దానికి ఈ మ్యాగ్నెట్ గొళ్ళెం భేషుగ్గా సరిపోతుంది. అడ్డుకునే పని లోపల గోడకు లోపలి నుంచే బోల్టులు వేసి బిగించిన చిన్న ఉక్కు పెట్టెకు, దానికి అసలైన చెవి తాళం. అందులో పెట్టాల్సినవి ఏమీ లేవు, డైరీలూ, పిల్లల చేతికి చిక్కకూడనివీ మాత్రమే అంటే, తలుపొక్కటే చాలు. మనిషి పట్టేంత అర అయితే మాత్రం తాళం లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి. పిల్లలకు దాగుడుమూతలకు అంతకన్నా మంచి చోటు దొరకదు, మూసుకుపోయాక అరిచినా వినపడదు.

ఎవరికీ చెప్పవద్దన్న మాట ఒకటి మిగిలింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని అందుకే అంటారేమో, ఆ జాగ్రత్త నాకర్థమవుతుంది. అర కట్టిన మనిషికి ఎలాగూ తెలుసు, అది మర్చిపోతుంటారు. కానీ చెప్పకుండా పోతే ఏమవుతుందో నా పని బల్ల మీదే చూశాను. మరమ్మతుకు వచ్చిన ఒక పాత రాతబల్ల అడుగు పలక కదులుతుంటే విప్పాను. లోపల గుడ్డలో చుట్టిన స్థలం కాగితాలు, మడతల దగ్గర పెళుసెక్కి విరిగిపోతున్నాయి. బల్ల తెచ్చినవాళ్ళకు చూపిస్తే కాసేపు మాట లేదు. ఆ కాగితాలు లేకే ఆ వ్యవహారం ఎప్పుడో తెగ్గొట్టుకున్నారట.

కాబట్టి ఒక్కరికి చెప్పండి. చోటు, తెరిచే పద్ధతి, పాడైతే రెండో దారి, మూడూ చెప్పాలి. వాళ్ళ చేత ఒకసారి తెరిపించి చూడాలి కూడా. నా అర సంగతి మా అక్కకు చెప్పాను. మొదటిసారి అయిదు నిమిషాలు కుస్తీ పట్టినా తనకు రాలేదు. మ్యాగ్నెట్‌ను తిరగేసి పట్టుకుంది, లోపలి మ్యాగ్నెట్ దాన్ని నెట్టేస్తోంది. ఇప్పుడు పైకి పెట్టాల్సిన వైపు గోళ్ళరంగుతో చుక్క పెట్టుకుంది.